‘మాది ఆర్థడాక్స్ కుటుంబం’ అన్న మాటను ఎలా అర్థం చేసుకోవాలి?

పేరు, ఊరు తెలియనివ్వవద్దని కోరుతూ హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న 29 ఏళ్ల యువతి ఒకరు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆమె ఏడో తరగతిలో ఉండగా తండ్రి మరణించారు. ఆయన పనిచేసిన కార్యాలయంలోనే కారుణ్య నియామకం కింద చిన్న ఉద్యోగంలో చేరి తల్లి ఇద్దరు పిల్లలనూ చదివించారు. అన్నకు పెళ్లయింది, బెంగళూరులో ఉంటున్నారు. కొన్ని నెలల క్రితం ఒక మ్యాట్రిమోనీ సైట్ ద్వారా ఈమెకు ఒక సంబంధం వచ్చింది. అబ్బాయిదీ హైదరాబాదులోనే ఉద్యోగం. ఇద్దరూ మాట్లాడుకున్నారు, ఒకరికొకరు నచ్చారు. తన ఉద్యోగాన్ని గౌరవిస్తారని, మాట తూలరని, తాను చెప్పేది చివరిదాకా వింటారని ఆమె ఆయన గురించి రాశారు.

అబ్బాయి ప్రొఫైల్‌లో కుటుంబ విలువల గడిలో ‘ఆర్థడాక్స్’ అని ఉంది. వీరి ప్రొఫైల్‌లో అదే గడిలో తల్లి ‘మోడరేట్’ అని ఎంచుకున్నారు. ఆ మాటకు అర్థమేమిటని ఆమె అడిగితే, “మేము కన్సర్వేటివ్ కాదు, కొంచెం ఆర్థడాక్స్, అంతే. నీకు ఏ ఇబ్బందీ ఉండదు” అని ఆయన జవాబిచ్చారు. ఆమె అంతటితో ఊరుకున్నారు. ఆ తరువాత పెద్దలు మాటలకు కూర్చున్న రోజున అబ్బాయి తల్లి పెళ్లి ఏర్పాట్ల గురించి చెబుతూ, కన్యాదానానికి పీటల మీద పెదనాన్నగారి దంపతులు కూర్చోవాలన్నారు. అది ముందే అనుకున్నది కనుక ఎవరూ ఏమీ అనలేదు. అటుపైన ఆమె, “ఎదురుకోలు దగ్గర, మంగళసూత్రం అందరి చేతా తాకించేటప్పుడు మీరు కొంచెం పక్కన ఉంటే బాగుంటుంది వదినగారూ, మాది ఆర్థడాక్స్ కుటుంబం, మీరు అర్థం చేసుకోగలరు” అన్నారు. తల్లి తల ఊపారు. అబ్బాయి అక్కడే కూర్చుని ఉన్నారు, ఏమీ మాట్లాడలేదు. తరువాత ఫోనులో మాత్రం, అది అమ్మ తరం వాళ్ల మాట అనీ, ఒక్క రోజు సర్దుకుంటే సరిపోతుందనీ అన్నారు.

ఇప్పుడు ఆ ఇంట్లో ఒక్క మాటకు నాలుగు అర్థాలు నడుస్తున్నాయి. ఆర్థడాక్స్ అంటే పద్ధతి గల కుటుంబమని అన్న అంటున్నారు. మూఢనమ్మకాల కుటుంబమని ఆఫీసులోని స్నేహితురాలు అంటోంది. “నాకు ఇవన్నీ అలవాటే, నా కోసం మంచి సంబంధం పోగొట్టుకోవద్దు” అని తల్లి అంటున్నారు. కొంచెమే కదా అని అబ్బాయి అంటున్నారు. ఆ మాటకు అసలు అర్థమేమిటి, ఒక్క మాటను పట్టుకుని సంబంధం వదులుకోవడం చిన్నపిల్లల పంతం అవుతుందా, ఇకముందు తన ప్రొఫైల్‌లో ఏమి రాయాలి అని ఈ పాఠకురాలు అడుగుతున్నారు.

మీరు మాట మీద పంతం పడుతున్నారని నేను అనుకోవడం లేదు. ఆ మాటను అడ్డుపెట్టి మీ అమ్మగారిని ఒక పని చేయమని అడిగారు, మీ మనసు నొచ్చుకున్నది అక్కడ. అయినా మీరు అడిగారు కనుక ముందు మాట సంగతే చూద్దాం. ఎందుకంటే దాని అర్థం తేలిన తరువాతనే అది మీ ఇంట్లో ఏమి దాస్తున్నదో కనబడుతుంది.

ఆర్థడాక్స్ అన్నది గ్రీకు నుంచి వచ్చిన మాట. ‘ఆర్థోస్’ అంటే సరైనది, నిటారైనది. ‘డోక్సా’ అంటే అభిప్రాయం. సరైన విశ్వాసం గలవారు అని మొత్తం భావం. క్రైస్తవ మతంలో ఏ సిద్ధాంతం సరైనది, ఏది కాదు అని శతాబ్దాల పాటు జరిగిన వాదాలలో ఈ మాట స్థిరపడింది. 1054లో రోము చర్చి, కాన్‌స్టాంటినోపుల్ చర్చి విడిపోయిన తరువాత తూర్పు చర్చిలకు అది పేరులో భాగమే అయిపోయింది. మన దేశంలో కొట్టాయం కేంద్రంగా ఉన్న మలంకర ఆర్థడాక్స్ చర్చి పేరులోనూ ఆ మాట ఉంది. వారి నోట అది గౌరవ నామం. యూదుల విషయంలో కథ వేరుగా నడిచింది. 19వ శతాబ్దపు జర్మనీలో, సంస్కరణలు కోరిన యూదులు పాత పద్ధతిని వదలనివారిని తక్కువ చేసి చూపడానికి ఈ మాటను వాడారని, తమంతట తాము పెట్టుకున్న పేరు కాదని ఫ్రాంక్‌ఫర్టులోని రబ్బీ, అంటే యూదు మతగురువు, సామ్సన్ రఫాయెల్ హిర్ష్ 1854లో రాశారు. ఎదుటివారు అంటగట్టిన ఆ పేరునే తరువాత వారు తమదిగా స్వీకరించారు. అంటే ఈ మాట మొదటి నుంచీ రెండు పనులు చేస్తూ వచ్చింది. తమ గురించి చెప్పుకునేవారి నోట గర్వంగానూ, ఎదుటివారి గురించి చెప్పేవారి నోట నిందగానూ పలికింది. మీ అన్నగారికీ మీ స్నేహితురాలికీ మధ్య ఉన్న తేడా సరిగ్గా ఇదే. ఇద్దరూ మాటను తప్పుగా వాడలేదు. ఒకరు మొదటి వాడుకను, మరొకరు రెండో వాడుకను పట్టుకున్నారు.

గౌరవమూ నిందా రెండూ లేని వాడుక కూడా ఒకటుంది. వెంకటపతిరాజును ‘స్లో లెఫ్ట్ ఆర్మ్ ఆర్థడాక్స్’ బౌలర్ అని వ్యాఖ్యాతలు చెబుతుంటే మనం రేడియోలోనూ టీవీలోనూ విన్నాం. ఎడమ చేతితో, వేళ్లతో బంతిని తిప్పే మామూలు పద్ధతి అని మాత్రమే దాని భావం. ఆ మాట విని ఆయన ఇంట్లో ఏ ఆచారాలున్నాయో ఎవరూ ఊహించరు. ఏదో ఒక ప్రమాణం ఉన్నదనీ, దానిని అనుసరిస్తున్నారనీ మాత్రమే ఈ మాట చెబుతుంది. ఆ ప్రమాణం ఏమిటో, ఎవరు నిర్ణయించారో, ఎంత గట్టిగా పాటిస్తారో చెప్పదు. అవన్నీ మనం విడిగా అడిగి తెలుసుకోవలసినవే.

మన ఇళ్లకు వచ్చేసరికి మరో చిక్కు ఉంది. పుట్టిన చోట ఈ మాట విశ్వాసానికి సంబంధించినది. మన సంప్రదాయంలో విశ్వాసం గురించి ఒకరినొకరు అంతగా నిలదీసుకోరు. దేవుడు ఒక్కడా, అనేకులా, అసలు ఉన్నాడా లేడా అని వంటింట్లో ఎవరూ ప్రశ్నించరు. మడి కట్టుకున్నారా, ఏకాదశి ఉపవాసం ఉన్నారా, తద్దినం నాడు ఉల్లిపాయ తగిలిందా అని అడుగుతారు. మనది నడవడికకు సంబంధించిన పట్టుదల. అందుకే తెలుగులో ఆచారవంతులు, నిష్ఠాపరులు, సంప్రదాయజ్ఞులు అని ఒకవైపు మాటలున్నాయి, పూర్వాచారపరాయణులు, ఛాందసులు అని మరోవైపు ఉన్నాయి. ఛందస్సు అంటే వేదమే. వేదం చదువుకున్నవాడిని చెప్పే ఛాందసుడన్న మాట కాలక్రమంలో ఎత్తిపొడుపుగా మారింది. ఈ తెలుగు మాటలలో ఏది వాడినా వాడినవారి అభిప్రాయం బయటపడిపోతుంది. ‘మాది ఆచారవంతుల కుటుంబం’ అంటే ఏ ఆచారం అని వెంటనే అడుగుతాం. ‘మాది ఛాందస కుటుంబం’ అని ఎవరూ తమ గురించి చెప్పుకోరు. ఆర్థడాక్స్ అనేసరికి ఆ బాధ తప్పుతుంది. అత్తగారు తన వరకు పట్టుబట్టి ఆచరించే మడికీ, వియ్యపురాలిని పెళ్లిపందిట్లో పక్కకు తప్పుకోమనడానికీ అదే మాట సరిపోతుంది. ఈ రెండూ ఒకే కోవకు చెందినవన్న భ్రమ అక్కడే పుడుతోంది.

అబ్బాయి చెప్పిన ‘కన్సర్వేటివ్ కాదు, ఆర్థడాక్స్’ అన్న వాక్యాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు. ఆ రెండు మాటలకూ నిజంగానే తేడా ఉంది. మార్పు పట్ల జాగ్రత్తనూ, ఉన్నదాన్ని నిలుపుకోవాలన్న కోరికనూ కన్సర్వేటివ్ అన్న మాట చెబుతుంది. బ్రిటన్‌లో 1830లలో అది ఒక రాజకీయ పక్షం పేరైంది. ఆ పక్షమే 1979లో ఆ దేశానికి మొదటి మహిళా ప్రధానిని ఇచ్చిందని గుర్తుంటే, ఈ మాట కూడా మనం ఇళ్లలో వాడే అర్థానికి ఎంత దూరంగా ఉండగలదో తెలుస్తుంది. ఆపరేషన్ లేకుండా మందులతో, వ్యాయామంతో చేసే చికిత్సను వైద్యులు కన్సర్వేటివ్ ట్రీట్‌మెంట్ అంటారు. తక్కువగానే వేసుకున్న అంచనాను ఆడిటర్లు కన్సర్వేటివ్ ఎస్టిమేట్ అంటారు. మన సంభాషణల్లో మాత్రం కన్సర్వేటివ్ అంటే ఆడవాళ్ల ఉద్యోగం మీద, దుస్తుల మీద, బయట తిరగడం మీద ఆంక్షలు పెట్టేవారని ఒక అర్థం స్థిరపడింది. బహుశా ఆయన ఉద్దేశం, మా ఇంట్లో అటువంటి ఆంక్షలు లేవు, పూజలూ వ్రతాలూ తద్దినాలూ మాత్రం శ్రద్ధగా చేస్తాం అని. అటువంటి కుటుంబాలు మన మధ్య ఎన్నో ఉన్నాయి, మంచి కుటుంబాలే. తనకు తెలిసినంతలో ఆయన మీకు నిజమే చెప్పారని నేను నమ్ముతున్నాను. కానీ ‘నీకు’ ఇబ్బంది ఉండదన్నారు. మీ అమ్మగారికి ఉండవచ్చునన్న ఆలోచన ఆయనకు వచ్చినట్లు లేదు. తమ ఇంట్లో ఆ బరువు మోయవలసిన మనిషి కళ్లముందు లేకపోతే చాలామంది దానిని బరువుగానే లెక్కించరు.

మీ చిక్కు విడదీయడానికి నాకు తోచిన కొలమానం ఒక్కటే. ఆ ఆచారాన్ని ఎవరు పెట్టుకున్నారు, ఎవరు మోస్తున్నారు అని చూడండి. మీ కాబోయే అత్తగారు తాను ఉపవాసం ఉంటే, తన పూజగది తన పద్ధతిలో ఉండాలంటే, దానిని గౌరవించడం మీ మర్యాద. వారింట్లో ఉల్లి, వెల్లుల్లి వండరనుకోండి, అది మీ మీద కొంత పడుతుంది. పడినా ముందే తెలిసి ఒప్పుకుంటే అది మీ ఒప్పందం అవుతుంది. నెలసరి మూడు రోజులూ వేరుగా కూర్చోవాలంటే, అది మీ ఒంటి మీద, మీ మనసు మీద, మీ ఉద్యోగం మీద పడే సంగతి. దానిని కొంచెం అన్న మాట కింద దాచడం కుదరదు. మీ అమ్మగారిని పక్కకు తప్పుకోమనడం వీటన్నిటికంటే వేరు. ఆమె ఆ కుటుంబంలోకి వెళ్లడం లేదు. భర్త పోయినందుకు కూతురి పెళ్లిలో ఆమె ఒక స్థానం వదులుకోవాలంటున్నారు. ఆచారం వాళ్లది, మోసేది ఈమె.

ఇది సంప్రదాయం కనుక ప్రశ్నించకూడదన్న వాదన మీకు ఎదురు కావచ్చు. సంప్రదాయంలో వాదాలు కొత్తగా ఇప్పుడు పుట్టినవి కావు. వితంతువు పునర్వివాహానికి పరాశర స్మృతిలో అనుమతి ఉందని ఈశ్వరచంద్ర విద్యాసాగర్ వాదించారు, 1856లో చట్టం వచ్చింది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఎదురు నిలిచినవారు పండితులే, సమర్థించినవారిలోనూ పండితులున్నారు. రెండు పక్షాలూ శాస్త్రం చేత పట్టుకునే నిలబడ్డాయి. సంప్రదాయం మీద హక్కు ఒక్క పక్షానికే రాసి ఇచ్చినది కాదని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మనకు లేదు. నేడు భర్తను కోల్పోయిన తల్లులు తమ బిడ్డల పెళ్లిలో మంగళసూత్రం తాకి ఆశీర్వదించడం ఎన్నో తెలుగు ఇళ్లలో జరుగుతూనే ఉంది. ఆ ఇళ్లవారు కూడా తమను సంప్రదాయం పాటించేవారుగానే భావించుకుంటారు.

వీరేశలింగంగారి విషయంలోనే మరొక సంగతి మీకు పనికివస్తుందని చెబుతున్నాను. పెళ్లిళ్ల విషయంలో అంత ముందుకు నడిచిన ఆయన భాష విషయంలో చాలాకాలం గ్రాంథికం పక్షానే ఉన్నారు. జీవితపు చివరి ఏడాది, 1919లో, వ్యావహారిక భాష కోసం ఏర్పడిన సమాజానికి ఆయన అధ్యక్షులు కాగా గిడుగు రామమూర్తిగారు కార్యదర్శి అయ్యారు. ఒక మనిషికి ఒకే విశేషణం అన్ని విషయాలలోనూ అతకదు. ఒక విషయంలో పాతను పట్టుకున్నవారు మరో విషయంలో మనకంటే ముందు ఉండవచ్చు, ఉన్నచోటి నుంచి కదలనూవచ్చు. అందువల్ల మీ స్నేహితురాలు చెప్పినట్లు ఆ ఒక్క మాట విని ఆ కుటుంబాన్ని మొత్తంగా తోసిపుచ్చడం న్యాయం కాదు. మీ అన్నగారు చెప్పినట్లు మొత్తంగా నమ్మేయడమూ క్షేమం కాదు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండటం మంచిది. 1955 నాటి హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ ప్రకారం పెళ్లి వధూవరులలో ఏ పక్షం ఆచారం ప్రకారమైనా జరగవచ్చు. మగపెళ్లివారి ఆచారమే చెల్లాలని అందులో లేదు. సప్తపది ఆచారంగా ఉన్నచోట ఏడో అడుగుతో వివాహం పూర్తవుతుంది. కన్యాదానం వివాహానికి తప్పనిసరి అంశం కాదని అలహాబాద్ హైకోర్టు 2024లో ఒక తీర్పులో చెప్పింది. మీ మాటల్లోకి చట్టాన్ని తీసుకురమ్మని నా ఉద్దేశం కాదు. తెస్తే ఆ క్షణమే రెండు కుటుంబాలూ ఎదురెదురు పక్షాలవుతాయి. పెళ్లి చెల్లుబాటుకూ మీ అమ్మగారు ఎక్కడ నిలబడ్డారన్నదానికీ ఏ సంబంధమూ లేదన్న ధైర్యం మాత్రం మీకు ఉంటే చాలు.

ఏమి చేయవచ్చునన్నదానికి వస్తే, అందరికంటే ముందు మీ అమ్మగారితో మాట్లాడండి. వియ్యపురాలి ఎదుట, కూతురి సంబంధం తేలే చోట, ఆమె తల ఊపడాన్ని సమ్మతిగా నేను లెక్కించను. “నాకు అలవాటే” అన్న మాటను కూడా జాగ్రత్తగా వినండి. ఇన్నేళ్లుగా పేరంటాలకు పిలుపు రాకపోవడం, శుభకార్యాల్లో వెనుక వరుసలో కూర్చోవడం ఆమెకు అలవాటయ్యాయి; అలవాటైనంత మాత్రాన ఇష్టమైనట్లు కాదు. అయితే మరొక అవకాశం కూడా ఉంది. తాను మంగళసూత్రం తాకకూడదని మీ అమ్మగారే స్వయంగా నమ్ముతూ ఉండవచ్చు. కొందరు తల్లులు బిడ్డ సౌభాగ్యం మీద ఉన్న భయంతో తమంతట తామే దూరంగా ఉంటారు. అదే నిజమైతే ఆమెను బలవంతంగా ముందుకు తేవడం మీ నమ్మకాన్ని ఆమె మీద రుద్దడమే అవుతుంది. అప్పుడు మీ ప్రశ్న మారుతుంది. ఆమె తనకు తానై ఎక్కడ నిలబడాలనుకుంటున్నారో అడిగి, ఆ చోటు గౌరవంగా ఉండేలా చూడటమే మీ పని అవుతుంది. కనుక ఇద్దరే ఉన్నప్పుడు, సంబంధం ఊసెత్తకుండా, “పెళ్లిరోజున నువ్వు ఎక్కడ ఉంటే నీకు సంతోషం అమ్మా?” అని అడగండి. మొదటి జవాబుతో ఆగిపోవద్దు. మీ సౌఖ్యం కోసం చెప్పే మాటేదో, తన మనసులోని మాటేదో మీకు తెలుస్తుంది.

ఆమెకు ఆ పందిట్లో ఉండాలని ఉందని తేలితే, తరువాత మాట్లాడవలసింది అబ్బాయితో. ఆయన తల్లి అన్న మాటకంటే ఆయన మౌనమే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ఆమె తన మనసులో ఉన్నది పెళ్లికి ముందే, ఎదురుగా, నోరు విప్పి చెప్పారు. పందిట్లో అందరి మధ్య చెప్పి ఉంటే మీకు ఆలోచించుకునే వ్యవధి కూడా ఉండేది కాదు. ఆ మేరకు ఆమె నిజాయితీని గుర్తించాలి. అబ్బాయి మాత్రం ఆ గదిలో ఊరుకుని, ఫోనులో తరం మీదకు నెట్టారు. ఆ మౌనానికి కారణాలు చాలా ఉండవచ్చు. అందరి ముందూ తల్లిని కాదనలేని మర్యాద కావచ్చు, ఆ విషయం తనకే మొదటిసారి తెలిసి తడబడటం కావచ్చు, నిజంగానే పట్టకపోవడం కావచ్చు. ఏదో మీరు ఊహించి నిర్ణయించకండి. అడగండి.

అడిగేటప్పుడు ఆర్థడాక్స్ అన్న మాటను పూర్తిగా పక్కన పెట్టండి. ఎంత ఆర్థడాక్స్ అని అడిగితే కొంచెం అనే జవాబు వస్తుంది, మీరు మళ్లీ మొదటికే వస్తారు. పనుల గురించి, సందర్భాల గురించి అడగండి. ఒక్క రోజు సర్దుకుంటే చాలని ఆయన అన్నారు కదా, అది ఒక్క రోజేనా? గృహప్రవేశం ఉంటుంది, సీమంతం ఉంటుంది, బారసాల, అన్నప్రాశన ఉంటాయి, మీకు పిల్లలు పుడితే అక్షరాభ్యాసాలూ ఉపనయనాలూ పెళ్లిళ్లూ ఉంటాయి. ప్రతిసారీ మీ అమ్మగారు పక్కనే నిలబడాలా? ఈ ప్రశ్నకు ఆయన ఇచ్చే జవాబు మీ పెళ్లిరోజు గురించిన జవాబు కంటే విలువైనది. నెలసరి రోజుల్లో ఇంట్లో ఏమి జరుగుతుంది, వంట విషయంలో పట్టింపులేమిటి, పిల్లలు పుట్టాక మీ ఉద్యోగం గురించి ఇంట్లో ఏమనుకుంటున్నారు, మీ జీతంలో కొంత మీ అమ్మగారికి ఇస్తే, వయసు పైబడ్డాక ఆమె మీ దగ్గర ఉంటే ఎవరికైనా అభ్యంతరమా అనేవి కూడా ఇదే కూర్చోవడంలో తేలిపోవాలి. “అమ్మను అడిగి చెబుతాను” అంటే తప్పుపట్టకండి. అది పెద్దలతో కలిసి ఉండే ఇల్లు. అడిగి తిరిగి వచ్చారా, వచ్చి తన మాటగా ఏమి చెప్పారు అన్నదే చూడండి.

ఆయన మీ వైపు నిలబడి తల్లికి నచ్చజెబుతానంటే, కొంత వ్యవధి ఇవ్వండి. ఒక తరం మనసులో పాతుకున్న భయం ఒక సాయంత్రపు మాటలతో పోదు. ఆమె ఒప్పుకున్నా కొన్నాళ్లు ముభావంగా ఉండవచ్చు, పెళ్లి తరువాత ఏ చిన్న అనారోగ్యం వచ్చినా నాటి సంగతి తలచుకోవచ్చు. దానికి మీరిద్దరూ సిద్ధపడాలి.

పెద్దల మధ్య మాటగా జరపాలనుకుంటే మీ పెదనాన్నగారు గానీ మీ అన్నగారు గానీ మాట్లాడవచ్చు. అందుకు మీ అన్నగారు ముందు తన అభిప్రాయం మార్చుకోవాలి. పద్ధతి గల కుటుంబమని నమ్మి వెళ్తే ఆయన గట్టిగా మాట్లాడలేరు. “మా నాన్నగారు పోయాక మమ్మల్ని ఇంతవాళ్లను చేసింది మా అమ్మ. మీ ఆచారాలను మేము గౌరవిస్తాం, ఆమె చేతి ఆశీర్వాదం లేకుండా మా చెల్లెలి పెళ్లి మాకు పూర్తికాదు” అని మర్యాదగా, ఒక్కసారి, స్పష్టంగా చెబితే చాలు. పెద్దల ద్వారా సాధించే ఒప్పందంలో ఒక ఇబ్బంది ఉంది. పదిమంది ముందు కాదనలేక ఒప్పుకుంటే, ఆ మనస్తాపమంతా తరువాత మీ మీద తేలవచ్చు. అందుకే అబ్బాయితో మాట్లాడిన తరువాతే ఈ పని చేయమంటాను.

మధ్యేమార్గం కోసం కొందరు పెళ్లితంతును కొంచెం మారుస్తారు. మంగళసూత్రం పళ్లెం పెద్దలందరి దగ్గరికీ తిప్పకుండా, అందరూ కూర్చున్నచోటి నుంచే అక్షతలు వేసి దీవించేలా చేస్తారు. పీటల మీద పెదనాన్నగారి దంపతులు కూర్చున్నా తల్లి వారి పక్కనే నిలబడి కూతురి భుజం మీద చేయి వేస్తారు. పెళ్లి చేయించే పురోహితుడిని ముందే కలిసి మాట్లాడితే ఇటువంటి ఏర్పాట్లు సాధ్యమే. దీనివల్ల ఆ రోజు ఎవరి మనసూ నొప్పించకుండా గడిచిపోతుంది. కానీ సీమంతం నాటికి అదే ప్రశ్న మళ్లీ లేస్తుంది. ఈ మార్గం ఎంచుకుంటే అది వాయిదా మాత్రమేనని తెలిసి ఎంచుకోండి.

అమ్మగారి మాట విని ఆ రోజుకు సర్దుకోవడం కూడా ఒక దారే, దానిని నేను పిరికితనం అనను. ఎన్నో కుటుంబాలు అలా మొదలై తరువాత దగ్గరయ్యాయి. అయితే మొదటి రోజు ఒప్పుకున్నది తరువాత రోజులకు ప్రమాణం అవుతుంది, “పెళ్లిలోనే ఒప్పుకున్నారు కదా” అన్న మాట మీకు చాలాసార్లు వినిపిస్తుంది. ఆ రోజు ఫొటోలు చూసిన ప్రతిసారీ మీకేమనిపిస్తుందో కూడా మీరే ఆలోచించుకోవాలి. సర్దుకోదలిస్తే, కనీసం అబ్బాయికి ఇది మీరు ఇష్టపడి చేస్తున్నది కాదని, తరువాతి శుభకార్యం నుంచి ఇలా జరగకూడదని ముందే చెప్పి, ఆయన చేత ఔననిపించుకోండి.

ఇక సంబంధం వదులుకోవడం. అబ్బాయి జవాబులు ప్రతిదానికీ “అమ్మ ఇష్టం” దగ్గర ఆగిపోతే, లేదా మీ అమ్మగారి ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఆయనకు విసుగు పుడితే, ఈ దారిని కూడా గౌరవంగా ఎంచుకోవచ్చు. దీనికి మీరు చెల్లించే మూల్యం చిన్నది కాదు. మీకు నచ్చిన మనిషి దూరమవుతారు, బంధువులు వయసు గుర్తుచేస్తారు, తన వల్లనే సంబంధం పోయిందని మీ అమ్మగారు కుమిలిపోతారు. ఆ చివరిదాని గురించి ఆమెతో ముందే మాట్లాడి ఉంచండి. వద్దని చెప్పవలసి వస్తే, “ఆర్థడాక్స్ కుటుంబం మాకు సరిపడదు” అని చెప్పవద్దు. అది వారి మొత్తం జీవన విధానాన్ని తప్పుపట్టినట్లు అవుతుంది, మీ ఉద్దేశం అది కాదు. మా అమ్మను పక్కన నిలబెట్టి పెళ్లి చేసుకోలేను అని ఉన్నదున్నట్లు చెప్పండి. వారు దానితో ఏకీభవించకపోయినా, కారణమేమిటో వారికి అర్థమవుతుంది.

ఈ మాటలన్నీ లగ్నపత్రిక రాసుకోకముందే పూర్తికావాలి. నిశ్చితార్థానికి తేదీ అడిగితే, ఇంకా కొన్ని సంగతులు మాట్లాడుకోవలసి ఉందని చెప్పడంలో అమర్యాద ఏమీ లేదు. ముహూర్తం పెట్టి, కల్యాణమండపానికి అడ్వాన్సు ఇచ్చి, శుభలేఖలు పంచాక ఇదే ప్రశ్న లేవనెత్తితే, న్యాయం మీ వైపే ఉన్నా అల్లరి చేస్తున్నది మీరే అన్నట్లు కనిపిస్తుంది, మీ అమ్మగారు ఆ ఒత్తిడికి మొదట లొంగిపోతారు.

చివరగా మీ ప్రొఫైల్ సంగతి. ‘మోడరేట్’ అన్న మాటతోనూ ఇదే చిక్కు ఉంది. మీ అమ్మగారు దానిని ఎంచుకున్నప్పుడు ఏ అర్థంలో ఎంచుకున్నారో ఎదుటివారికి తెలిసే అవకాశం లేదు. గడి ఖాళీగా వదలడానికి సైట్ ఒప్పుకోకపోతే ఆ మాటనే ఉంచండి. మీ గురించి రాసే చోట మాత్రం రెండు మూడు వాక్యాలు చేర్చండి: నాన్నగారు లేరని, అమ్మగారు ఉద్యోగం చేసి పెంచారని, పండుగలూ పూజలూ ఇంట్లో చేసుకుంటారని, పెళ్లిలోనూ ఆ తరువాతి శుభకార్యాలన్నింటిలోనూ అమ్మగారు మీ పక్కనే ఉంటారని. ఆ చివరి వాక్యం చదివి కొందరు ముందుకు రారు. వచ్చేవారితో మాత్రం ఈ మాటలు మళ్లీ మొదటి నుంచి మాట్లాడవలసిన పని మీకు ఉండదు.